మండలం దాకా వచ్చిన వార్త

తెలుగు దినపత్రికల బలాన్ని కొలవాలంటే సంపాదకీయం కన్నా జిల్లా అనుబంధం మంచి కొలబద్ద. ప్రధాన పత్రిక మడతలో ఇమిడి వచ్చే ఆ చిన్న సైజు పేజీల్లో ఎండిన బోరు, డాక్టరు రాని ఆరోగ్య కేంద్రం, మార్కెట్ యార్డులో మిర్చి ధర, వరదకు తెగిన కల్వర్టు, పదో తరగతిలో మండలం ఫస్టు వచ్చిన అమ్మాయి ఫొటో, దశదిన కర్మ ప్రకటన పక్కపక్కనే ఉంటాయి. ఢిల్లీ వార్త చదివి తహసీల్దారు ఉలిక్కిపడడు. తన ఆఫీసు పేరు జిల్లా పేజీలో పడితే మాత్రం ఆ పూట కాఫీ కూడా సహించదు. సమాజంపై మీడియా పట్టు గురించి సిద్ధాంతాలు చాలానే ఉన్నాయి. ఆ పట్టు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ సడలుతుందో మాత్రం తెలుగు పత్రిక పట్నం నుంచి మండలం దాకా నడిచి వచ్చిన దారిలో స్పష్టంగా కనిపిస్తుంది.

తొలి తరం పత్రికలకు పాఠకులు తక్కువ, పలుకుబడి ఎక్కువ. 1902లో బందరులో కృష్ణాపత్రిక మొదలైంది. కొద్ది ఏళ్లకే ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలోకి వచ్చి జాతీయోద్యమానికి గొంతుక అయింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. అప్పటికే ఆయన అమృతాంజనం వ్యాపారి. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు పత్రికకు ఊపిరి పోసింది. వ్యాపారం పత్రికను సాకడం తెలుగునాట మొదటి నుంచీ ఉన్నదే. పత్రిక వ్యాపారానికి కాపలా కాయడం చాలా తర్వాత వచ్చిన అలవాటు.

నిజాం రాజ్యంలో సంగతి వేరు. పాలన, చదువు, కోర్టు అన్నీ ఉర్దూలో నడిచే చోట 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో గోలకొండ పత్రికను ప్రారంభించారు. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రిక, తెలంగాణలో తెలుగు కవులే లేరన్న ఒక వ్యాఖ్యకు వాదనకు దిగకుండా పనితో బదులిచ్చింది. 1934లో 354 మంది కవుల రచనలు ఏరి గోలకొండ కవుల సంచిక వేసింది. పత్రికలు చేసే పనుల్లో ఇది అందరూ తక్కువగా గుర్తించేది. ఎప్పటి నుంచో ఉన్న మనుషులు లోకానికి కనపడరు. వాళ్ల పేర్లు అచ్చులో పడ్డాక, వాళ్లు లేరని అనడానికి ఎవరికీ నోరు రాదు. అదే నగరంలో 1948 ఆగస్టు 21 రాత్రి ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నిజాం పక్షపు రజాకార్లు దారికాచి చంపారు. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం. ఏడాది కూడా నిండని పత్రికకు రజాకార్లు అంతగా భయపడ్డారు.

ఆ రోజుల్లో పత్రిక చదివేవారి కన్నా వినేవారు ఎక్కువ. గ్రంథాలయం అరుగు మీదో, కాఫీ హోటలు బల్ల దగ్గరో ఒకరు గట్టిగా చదివితే పది మంది వినేవారు. చదివినాయన వ్యాఖ్యానం కూడా వార్తలో కలిసిపోయేది. అమెరికాలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం 1940 అధ్యక్ష ఎన్నికలప్పుడు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీ ఓటర్లను నెలల తరబడి పరిశీలించి, మీడియా మాట జనానికి నేరుగా ఎక్కదనీ, చుట్టుపక్కల నలుగురూ నమ్మే మనిషి నోటి మీదుగా చేరుతుందనీ తేల్చింది. రచ్చబండ మీద కూర్చునే ఏ పెద్దమనిషికీ ఇది కొత్త సంగతి కాదు.

అక్షరంతో పని లేని మాధ్యమం రేడియో. హైదరాబాద్‌లో నిజాం కాలం నాటి దక్కన్ రేడియో ఉండేది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. విత్తనం, ఎరువు, వాన కబురు, పిల్లల కార్యక్రమం, ఆదివారం నాటకం ఇంట్లోకి వచ్చేశాయి. రైతులకు రేడియో చేసిన మేలు పెద్దది. కానీ అది సర్కారు గొంతు; సర్కారును ప్రశ్నించే వార్త అందులో వినపడేది కాదు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చాక పత్రికలకూ సెన్సారు పడింది. ఆ రోజుల్లోనే, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు ప్రయోగాత్మకంగా పంపారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. పట్నంలో చాలామంది టీవీ ముఖం చూడకముందే కొన్ని పల్లెల్లో బడి ముందు జనం గుమిగూడి బొమ్మలు చూశారు. ఏడాది తిరగ్గానే ఉపగ్రహం వెళ్లిపోయింది, పల్లెల్లో తెర మళ్లీ ఖాళీ అయింది. ఏ మాధ్యమం ఎంతకాలం ఉండాలో పై వాళ్లే నిర్ణయించే పద్ధతికి అది తొలి రుచి.

తెలుగు పత్రిక అసలు మలుపు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది. అంతవరకు విజయవాడలో అచ్చయిన పత్రికలు రైలెక్కి విశాఖ చేరేసరికి పొద్దెక్కేది. రామోజీరావు స్థాపించిన ఈనాడు అక్కడే అచ్చయి తెల్లవారుజామున గుమ్మంలో పడింది. ఆ తర్వాత హైదరాబాద్, విజయవాడ, తిరుపతి కేంద్రాలు వచ్చాయి. వార్తకు నాణ్యత ఎంత ముఖ్యమో వేళ కూడా అంతే ముఖ్యమని తెలుగు పాఠకుడికి అప్పుడు అర్థమైంది. భాష కూడా మారింది. గ్రాంథికం వాసన వదిలి, నోటి మాటకు దగ్గరైన శీర్షికలు వచ్చాయి. పాత తరం సంపాదకులకు అవి నచ్చలేదు కానీ కిళ్లీకొట్టు దగ్గర నిలబడి చదివేవారికి నచ్చాయి.

రాజకీయ నాయకులకు పత్రిక సత్తా తెలిసింది 1983లో. 1982 మార్చి 29న ఎన్.టి.రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టారు. ఏడాది తిరగకముందే 294 స్థానాల శాసనసభలో 200కు పైగా గెలిచారు. మూడు దశాబ్దాలుగా తెర మీద రాముడిగా, కృష్ణుడిగా చూసిన ముఖం ఆయనది. ఊరూరా తిరిగిన వ్యాను ఆయనది. ఆ ప్రయాణాన్ని రోజూ మొదటి పేజీలో ఊరూరికీ మోసిన పత్రిక ఈనాడు. 1984 ఆగస్టులో గవర్నరు ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేస్తే, నెల రోజుల పోరాటం తర్వాత సెప్టెంబరులో మళ్లీ గద్దెనెక్కారు. ఆ గెలుపులో సినిమా వాటా ఎంత, పత్రిక వాటా ఎంత, కాంగ్రెస్ ముఖ్యమంత్రుల మార్పిడితో విసిగిన జనం వాటా ఎంత అని ఎవరూ తూచి చెప్పలేరు. పార్టీలన్నీ నేర్చుకున్న పాఠం మాత్రం ఒక్కటే: సొంత పత్రిక లేనివాడు సగం ఓడినట్టే. పాతికేళ్ల తర్వాత ఆ పాఠం ఫలించిన తీరు ముందు ముందు కనిపిస్తుంది.

1989లో ఈనాడు జిల్లాకొక అనుబంధం మొదలుపెట్టింది. తక్కిన పత్రికలకూ అదే దారి పట్టక తప్పలేదు. లెక్క సులువైనదే. ఒక్క పత్రిక కొంటే రాష్ట్రం వార్తతో పాటు మన ఊరి వార్తా వస్తుంది. ఊళ్లోని బట్టల కొట్టు, ట్యుటోరియల్ కాలేజీ, కొత్తగా తెరిచిన నర్సింగ్ హోమ్ రాష్ట్రమంతటికీ ప్రకటన ఇవ్వలేవు, జిల్లా పేజీకి ఇవ్వగలవు. పాఠకుడూ ప్రకటనదారుడూ ఒకేసారి దొరికారు. చదువుకున్నవారి సంఖ్య కూడా అప్పుడే పెరుగుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 1991లో 44 శాతం, 2001లో 60 శాతం. భారతీయ భాషా పత్రికల విస్తరణపై పరిశోధన చేసిన ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ తెలుగు పత్రికలను ప్రత్యేకంగా చెప్పుకోవడానికి ఈ ప్రయోగమే ముఖ్య కారణం.

అనుబంధానికి కాళ్లూ చేతులూ మండల విలేకరి. ఆయనను పత్రికల భాషలో కంట్రిబ్యూటర్ అంటారు. మొదట్లో రోజు వార్తలు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సాయంత్రం ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. బస్టాండులో పత్రిక మనిషి ఆ కవర్లు ఏరుకుని డెస్కుకు చేర్చేవాడు. తర్వాత ఫ్యాక్సు, ఇంటర్నెట్ సెంటరు, ఇప్పుడు ఫోను వచ్చాయి. బస్సు తప్పిపోతే ఆ మండలం ఆ రోజు పత్రికలో లేనట్టే. తెలుగు పత్రికల చరిత్ర రాసేవారు అచ్చు యంత్రాల గురించి రాసినంత ఆర్టీసీ బస్సు గురించి రాయలేదు.

ఈ ఏర్పాటు ఏం చేయగలదో నెల్లూరు జిల్లా చూపించింది. 1990 తర్వాత ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం సాగింది. రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లకు ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుడుతో కొంప గుల్ల చేసుకున్న ఇంటి కథ అది. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందు నిలవగా, ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఇంటి గుమ్మం దాకా చేర్చిన కాలం అది. కూలి డబ్బు ఇంటికి రాకుండానే ప్యాకెట్టు కింద జమయ్యేది. దూబగుంట కథ తర్వాతి వాచకంలో పాఠమై జిల్లా అంతా తిరిగింది. ఒక ఊరి ఆడవాళ్లు చేసిన పని ఇంకో ఊరి ఆడవాళ్లు పలక మీద చదువుకున్నారు.

పత్రిక రంగంలోకి వచ్చింది ఇక్కడే. జిల్లా అనుబంధం ఉండబట్టి ఊరి పేరు, ముందు నిలిచిన మనిషి పేరు, సారా కొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్ల ఫొటో మర్నాడే అచ్చులో పడ్డాయి. పక్క మండలంలో వేడి రాజుకుంది. 1992లో జిల్లా కేంద్రంలో సారా వేలం పాటలను మహిళలు అడ్డుకుంటే అధికారులు మళ్లీ మళ్లీ వాయిదా వేయాల్సి వచ్చింది. జిల్లా వార్త రాష్ట్ర వార్త అయింది. ఈనాడు సారాపై సమరం పేరిట రోజూ ప్రత్యేకంగా చోటు కేటాయించింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1994 డిసెంబరులో మళ్లీ ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్య నిషేధాన్ని ప్రకటించారు. 1995 జనవరి 16న అది అమల్లోకి వచ్చింది.

పత్రికలు ఈ ఉద్యమాన్ని పుట్టించాయని అనడం ఆ ఆడవాళ్లకు అన్యాయం. ఉద్యమానికి మూలం తాగుబోతు మొగుడు, ఖాళీ కుండ, రాత్రి బడి. పత్రిక చేసింది దాన్ని ఒక ఊరి గొడవ స్థాయి నుంచి రాష్ట్ర సమస్య స్థాయికి ఎత్తడం. అమెరికా పరిశోధకులు మాక్స్‌వెల్ మెకూంబ్స్, డొనాల్డ్ షా 1968 ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ పట్టణంలో ఓటర్లను ప్రశ్నించి 1972లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది ఇదే. జనం ఏ పక్షం వహించాలో మీడియా నేర్పలేకపోవచ్చు. ఏ విషయం గురించి తర్జనభర్జన పడాలో మాత్రం అదే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఆ శక్తికి రెండో వైపు కూడా ఉంది. ఖజానా లోటు చూపి 1997 ఏప్రిల్‌లో ప్రభుత్వం మద్య నిషేధాన్ని ఎత్తివేసింది. సారా పోరాటానికి పత్రికల్లో దొరికినంత చోటు ఆ ఎత్తివేత మీద నిరసనకు దొరకలేదన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది. వార్త వేయడం ఎంత శక్తో, వేయకుండా ఉండడమూ అంతే శక్తి. మొదటిది అందరికీ కనిపిస్తుంది, రెండోదాన్ని పట్టుకోవడానికి పాత పత్రికల కట్టలు తిరగేయాలి.

1995లో ప్రైవేటు టీవీ వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అనీ, ప్రభుత్వానికి వాటిపై గుత్తాధిపత్యం లేదనీ తీర్పు చెప్పింది. జెమిని, ఈటీవీ అదే ఏడాది మొదలయ్యాయి. 2004లో టీవీ9 ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా ఛానల్‌గా వచ్చాక, అయిదేళ్లలో అలాంటివి అరడజనుకు పైగా పుట్టుకొచ్చాయి. పత్రికకు మండలానికొక మనిషి కావాలి. టీవీ చర్చకు నాలుగు కుర్చీలు, ఒక తగాదా సరిపోతాయి. దేశమంతటా కొన్ని పదుల వేల ఇళ్లలో పెట్టిన మీటర్లను బట్టి రేటింగు, రేటింగును బట్టి ప్రకటన. పల్లెలో బోరు ఎండితే రేటింగు పెరగదు. జిల్లా పేజీ పదిహేనేళ్లు కష్టపడి చిన్న ఊరికి సంపాదించిన చోటును టీవీ కొన్నేళ్లలోనే రాజధాని స్టూడియోకు తిరిగి ఇచ్చేసింది. తెలంగాణ ఉద్యమం మాత్రం దీనికి పెద్ద మినహాయింపు. 2009 డిసెంబరులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ముందు జరిగిన విద్యార్థుల ఆందోళనను మారుమూల పల్లె కూడా ప్రత్యక్ష ప్రసారంలో చూసింది.

ఆ ఉద్యమం ఇంకో పాత ప్రశ్నను లేపింది. పెద్ద పత్రికల, ఛానళ్ల పెట్టుబడి ఎక్కువగా కోస్తాంధ్రదని, తెలంగాణ వార్త తెలంగాణ కళ్లతో రావడం లేదని ఉద్యమకారుల ఫిర్యాదు. 2011 జూన్‌లో నమస్తే తెలంగాణ మొదలైంది, అదే ఏడాది టీ న్యూస్ వచ్చింది. 1926 నాటి గోలకొండ పత్రిక తర్కమే ఇది. తేడా ఒక్కటే: గోలకొండ పత్రిక వెనుక పార్టీ లేదు, వీటి వెనుక ఉంది. అంతకు ముందే 2008 మార్చిలో వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి సాక్షి స్థాపించారు. అప్పుడు ఆయన తండ్రి ముఖ్యమంత్రి. 1983 పాఠం ఇలా ఫలించింది. ఇప్పుడు తెలుగు పాఠకుడు ఒకే సంఘటనను రెండు పత్రికల్లో చదివి, రెంటినీ కలిపి భాగించి, నిజం ఎక్కడో మధ్యలో ఉంటుందని సరిపెట్టుకుంటున్నాడు. విశాలాంధ్ర, ప్రజాశక్తి లాంటి కమ్యూనిస్టు పత్రికలు ఏనాడూ తమ పార్టీ రంగు దాచుకోలేదు. వాటిని చదివేవాడికి ఎక్కడ ఎంత తగ్గించుకుని నమ్మాలో తెలుసు. చిక్కు అంతా తటస్థమని అట్ట మీద రాసుకుని లోపల పక్షం వహించే వాటితోనే.

యాజమాన్యం ఇలా చీలాక, ప్రభుత్వం మారిన ప్రతిసారీ మీడియా ఒక వంతు శత్రువైపోతుంది. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు రెండు వార్తా ఛానళ్ల ప్రసారాలు నిలిపివేశారు. వాటిలో ఒకటి నెలల తరబడి కనిపించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఒక పక్షం ఛానళ్లకు, 2024లో రెండో పక్షం ఛానళ్లకు అదే అనుభవం ఎదురైంది. ప్రతిసారీ ఇది ఆపరేటర్ల సొంత నిర్ణయమనే మాటే వినిపించింది. ప్రభుత్వంపై తప్పుడు వార్తలు వచ్చాయంటూ కేసులు పెట్టే అధికారాన్ని అధికారులకు ఇచ్చే ఉత్తర్వు 2007లో 938 నంబరుతో వచ్చింది, 2019 అక్టోబరులో 2430 నంబరుతో మరింత విస్తరించి వచ్చింది. పన్నెండేళ్ల ఎడంతో ఇద్దరు ముఖ్యమంత్రులు ఒకే ఆయుధం పట్టుకున్నారు.

కర్ర కన్నా మెత్తనిది, ఎక్కువ పనిచేసేది డబ్బు. ప్రభుత్వ ప్రకటనలు సమాచార పౌర సంబంధాల శాఖ చేతిలో ఉంటాయి. అక్రిడిటేషన్ కార్డు, బస్ పాస్, ఇళ్ల స్థలం కూడా ప్రభుత్వం దయే. హైదరాబాద్‌లో పాత్రికేయులతో పాటు ఎంపీలు, ఎమ్మెల్యేలు, న్యాయమూర్తులు, అఖిల భారత సర్వీసు అధికారుల హౌసింగ్ సొసైటీలకు తక్కువ ధరకు భూమి కేటాయించిన ఉత్తర్వులను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. నిగ్గదీసేవాడూ, జవాబు చెప్పాల్సినవాడూ, తీర్పు చెప్పాల్సినవాడూ ఒకే లేఅవుట్‌లో ఇరుగుపొరుగు కావాలనుకున్నారు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇచ్చింది. ఆ డబ్బు ఒకే పత్రిక సర్క్యులేషన్ పెంచడానికి పోతోందని పోటీ పత్రిక కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టు 2023లో ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. పత్రిక సర్క్యులేషన్ కూడా ప్రభుత్వ పథకం కాగలదని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

ఈ ఒత్తిళ్లన్నీ చివరికి దిగేది మండల కంట్రిబ్యూటర్ మీదే. ఆయనకు జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది, అదీ చాలాచోట్ల పెట్రోలు ఖర్చుకు రాదు. ఉగాది, ఆగస్టు 15, పత్రిక వార్షికోత్సవం వస్తే ప్రకటనల టార్గెట్ పడుతుంది. సర్పంచిని, కాంట్రాక్టరును, ప్రైవేటు బడి కరెస్పాండెంటును ప్రకటన అడగాలి. రేపు వాళ్ల మీదే వార్త రాయాలి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం కానీ, దాని కింద వేసిన వేతన బోర్డులు కానీ ఆయన గడప తొక్కలేదు. కొందరు ఈ చట్రంలోనే నిజాయతీగా రాస్తున్నారు, దెబ్బలు తింటున్నారు. కొందరు కార్డు చూపి వసూళ్లకు దిగారు. రెండో రకాన్ని తిట్టడం తేలిక. జీతం ఇవ్వకుండా కార్డు మాత్రమే ఇచ్చి పంపిన యాజమాన్యం ఆయన ఏం తిని బతుకుతాడని అనుకున్నదో ఎవరూ అడగరు.

2009 ఎన్నికల్లో ఈ లోపం కుళ్లిపోయి బయటపడింది. అభ్యర్థి డబ్బు కట్టిన ప్యాకేజీని బట్టి వార్త వచ్చింది. ఒకే పత్రికలో ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ గెలుస్తున్నట్టు రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో పాత్రికేయ సంఘాలే దీన్ని మొదట బయటపెట్టిన వాటిలో ఉన్నాయి. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో వేసిన ఉపసంఘంలో పరంజయ్ గుహ ఠాకుర్తాతో పాటు తెలుగు సంపాదకుడు కె.శ్రీనివాసరెడ్డి ఉన్నారు. పత్రికల పేర్లతో సహా వారిచ్చిన నివేదికను 2010లో కౌన్సిల్ పూర్తిగా ప్రచురించడానికి వెనకాడి, కుదించిన ప్రతిని విడుదల చేసింది. సమాచార హక్కు చట్టం కింద కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే 2011లో పూర్తి నివేదిక బయటికొచ్చింది. పత్రికలను మందలించడానికి ఏర్పడిన సంస్థ పత్రికల పేర్లు చెప్పడానికే జంకింది. ప్రెస్ కౌన్సిల్‌కు మందలించడం తప్ప జరిమానా వేసే అధికారం ఎలాగూ లేదు. టీవీ దాని పరిధిలోనే లేదు.

వాట్సాప్ ఈ చరిత్రలోకి ప్రవేశించింది ఇలాంటి సమయంలో. పత్రిక మీద నమ్మకం సడలిన చోట, తెలిసినవాడు పంపిన మెసేజ్ మీద నమ్మకం కుదిరింది. లాజర్స్‌ఫెల్డ్ చెప్పిన నలుగురూ నమ్మే మనిషి ఇప్పుడు ఫోనులో ఉన్నాడు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి తెలుగు రాష్ట్రాల పల్లెల్లో పాకింది. ఊరికి కొత్తవారు, బిచ్చగాళ్లు, మతిస్థిమితం లేనివారు మూక దాడులకు గురయ్యారు, ప్రాణాలు పోయాయి. జులైలో హైదరాబాద్ నుంచి వెళ్లిన యువకుడు బీదర్ జిల్లా ముర్కిలో ఇదే వదంతికి బలయ్యాడు. ఆ నెలలోనే వాట్సాప్ ఒక మెసేజ్‌ను భారత్‌లో ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి వదంతికి విరుగుడుగా ప్రెస్ మీట్‌ను నమ్ముకోలేదు. పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు, పాటతో ఇంటింటికీ చెప్పించారు. వాట్సాప్‌ను ఎదుర్కోవడానికి ప్రభుత్వం మళ్లీ డప్పు పట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఊళ్లలో మండల విలేకరి లేడా అంటే ఉన్నాడు. ఆయన మాటకు ఊరు ఆగే కాలం దాటిపోయింది.

2020 లాక్‌డౌన్‌లో ప్రకటనలు పడిపోయాయి. చాలా పత్రికల్లో జిల్లా అనుబంధం చిక్కిపోయి ప్రధాన పత్రికలో రెండు మూడు పేజీలుగా కలిసిపోయింది. కొన్ని పత్రికల అచ్చు ఆగిపోయింది. డెస్కుల్లో ఉద్యోగాలు పోయాయి. ఊరి వార్త కొంతవరకు యూట్యూబ్ ఛానళ్లకు మళ్లింది; ఒక మైకు, ఒక ఫోను ఉన్న ప్రతివాడూ ఛానలే. వాటిలో మంచివీ ఉన్నాయి, పత్రికలు వదిలేసిన ఊరి సమస్యను పట్టుకున్నవి. కానీ వార్త తప్పయితే సవరణ వేయించుకోవడానికి వాటికి చిరునామా కూడా ఉండదు.

మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిన పని కాదు ఇది. రాజకీయ పార్టీలకు, ప్రభుత్వాలకు ప్రసార రంగంలో యాజమాన్యం ఉండకూడదని, పత్రికలూ ఛానళ్లూ ఒకే గుప్పిట్లో పోగుపడకుండా హద్దులు పెట్టాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టులో విస్తారంగా సిఫార్సు చేసింది. అందులో రాజకీయ యాజమాన్యం గురించి రాసినవి తెలుగు రాష్ట్రాలను చూసి రాశారా అనిపిస్తాయి. 2022లో అదే అంశంపై మళ్లీ చర్చా పత్రం వేశారు. చట్టం రాలేదు. ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ అది ప్రధానాంశం కాకపోవడం ఆశ్చర్యం కలిగించే విషయం కాదు.

ఊరి వార్త ఊరి చేతిలో ఉండే ఏర్పాటు అసాధ్యమేమీ కాదనడానికి జహీరాబాద్ దగ్గరి మాచునూర్‌లో ఒక రుజువు ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు నడిపే సంఘం రేడియో అక్కడుంది. యునెస్కో సాయంతో 1998 నాటికే స్టూడియో సిద్ధమైంది. లైసెన్సు లేదు. కాబట్టి పదేళ్ల పాటు వాళ్లు కార్యక్రమాలు టేపులో రికార్డు చేసి, సంఘం సమావేశాల్లో టేపు రికార్డరు పెట్టి వినిపించారు. 2006లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు అనుమతినిచ్చాక, 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్‌పై గాలిలోకి వెళ్లారు. జొన్న, కొర్ర విత్తనం, పశువుల రోగం, బతుకమ్మ పాట, పెళ్లి పాట అన్నీ ఆ ప్రాంతపు యాసలోనే వినిపిస్తాయి. మాట్లాడేది పొలం పని చేసుకునే ఆడవాళ్లే. ఆ స్టేషన్‌కు పార్టీ లేదు, ప్రకటనల టార్గెట్ లేదు, రేటింగు లేదు. దానికి వార్తలు చెప్పే హక్కు కూడా లేదు. భారతదేశంలో కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు సేకరించి ప్రసారం చేయడాన్ని నిబంధనలు నేటికీ అనుమతించవు.